చక్కెర – చర్మము – ముదిమి

పాలు కాచి కోవా చేయుట చాలమంది చూచియే యుందురు. తెల్లని పాలు బాణలిలో మరుగుచు, కొంచెము కొంచెముగా దగ్గరపడుచు, తుదకు లేత గోధుమ వన్నెకు తిరుగును. వన్నెతోపాటు కమ్మని వాసనయు వచ్చును. ఆ పాలలో ఎవరును రంగు కలుపలేదు. పంచదార వేయకముందే ఆ మార్పు కనబడును. అట్టు మీది ఎఱ్ఱదనము, రొట్టె పైపెచ్చు రంగు, వేచిన వేరుసెనగపప్పు వాసన కూడ ఈ కోవకు చెందినవే.

పాలలో లాక్టోజు అను చక్కెర కలదు. కేసీన్ మొదలగు మాంసకృత్తులును కలవు. వేడి తగిలినపుడు ఈ రెండును ఒకదానితో నొకటి కలిసి గోధుమరంగు పదార్థములుగా మారును. పాకము ముదిరి మాడునపుడు వచ్చు రంగు వేరు. అది చక్కెర 160 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమున తనంత తాను విచ్ఛిన్నమగుట వలన వచ్చునది. కోవా రంగునకు మాంసకృత్తుల తోడు కావలెను; అంత వేడి అక్కరలేదు. 1912 లో లూయీ కామిల్ మయ్యార్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు చక్కెరలను, మాంసకృత్తుల మూలద్రవ్యములైన ఎమైనో ఆమ్లములను కలిపి వేడిచేసి ఈ చర్యను వర్ణించెను. అందుచే దీనికి మయ్యార్ చర్య అని పేరు వచ్చినది. ఇందలి మెట్లను 1953 లో అమెరికాలో జాన్ హాడ్జ్ వరుసపెట్టి చూపెను. చాలకాలము ఇది ఆహార పరిశ్రమకు సంబంధించిన విషయముగానే యుండెను. ఉదాహరణకు, కోడిగ్రుడ్ల తెల్లసొనను ఎండబెట్టి పొడిచేయు కర్మాగారములలో అందలి కొద్దిపాటి గ్లూకోజును ముందుగా తొలగింతురు. లేనిచో నిలువయుంచిన పొడి క్రమముగా గోధుమరంగునకు తిరిగి చెడిపోవును.

ఈ గ్రుడ్డుపొడి సంగతి కొంచెము ఆలోచింపదగినది. నిలువయున్న పొడిని ఎవరును పొయ్యిమీద పెట్టలేదు గదా! వేడి తక్కువైనంత మాత్రమున చర్య ఆగిపోదు. నెమ్మదించును, అంతే. బాణలిలో ఒక గంటలో జరుగునది గదిలో నెలల మీద జరుగును. మనుష్య శరీరము 37 డిగ్రీల వెచ్చదనము గలది. అందు మాంసకృత్తులు కలవు. రక్తములో చక్కెర నిరంతరము ప్రవహించుచున్నది. కాలమునకును కొదువ లేదు. డెబ్బది ఎనుబది ఏండ్లు కలవు. అట్టిచో మన శరీరములో ఈ చర్య జరుగకుండునా?

జరుగుచున్నది. దాని జాడ మొదట రక్తములో దొరికినది.

రక్తములోని సాక్ష్యము

శామ్యూల్ రహబర్ అను శాస్త్రజ్ఞుడు టెహరానులో రక్తములోని హీమోగ్లోబిన్‌ను విద్యుత్ ప్రవాహము సహాయమున వేరుచేసి పరీక్షించుచుండెను. మధుమేహ రోగుల రక్తములో కొంత హీమోగ్లోబిన్ మామూలు దానికంటె భిన్నముగా కదలుట ఆయన గమనించి 1968 లో ప్రకటించెను. అది క్రొత్త జాతి హీమోగ్లోబిన్ కాదు. మామూలు హీమోగ్లోబిన్‌కే గ్లూకోజు అంటుకొని ఏర్పడినది. శరీరములో దాదాపు ప్రతి రసాయన చర్యను ఒక ఎంజైము నడపుచుండును. ఈ అంటుకొనుటకు మాత్రము ఎంజైము లేదు, ఆజ్ఞ లేదు. చక్కెర, మాంసకృత్తు ఒకచోట ఉన్నచో చాలును. దీనికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గ్లైకేషన్. తెలుగున చక్కెర పట్టుట అనవచ్చును.

ఎఱ్ఱ రక్తకణము ఆయుర్దాయము సుమారు 120 దినములు. ఆ నాలుగు నెలలును అది గ్లూకోజు మధ్యనే తిరుగాడును. గ్లూకోజు ఎక్కువైనకొలది చక్కెర పట్టిన హీమోగ్లోబిన్ పాలు హెచ్చును. కావున ఆ పాలు కొలిచినచో గడచిన రెండు మూడు నెలలలో రక్తమున సగటున ఎంత గ్లూకోజు ఉన్నదో తెలియును. నేడు రక్తపరీక్షాలయములలో చేయు 'హెచ్ బి ఏ వన్ సి' పరీక్ష ఇదియే. 5.7 శాతమునకు లోబడి యున్నచో మామూలు, 6.5 శాతమును, ఆపైనను మధుమేహము. పరీక్షకు ముందు మూడు దినములు పథ్యము చేసి వైద్యుని ఏమార్చుటకు ఇందు వీలులేదు. ఇక్కడ గమనింపవలసినది ఇంకొకటి యున్నది. సంపూర్ణారోగ్యము గలవానికి కూడ ఈ పాలు సున్న కాదు. నూటికి సుమారు అయిదు. అనగా చక్కెర పట్టుట రోగులకు మాత్రమే జరుగునది కాదు. అందరికిని జరుగును, తేడా మోతాదులో మాత్రమే కలదు.

సీసాలోని కప్ప

జీవశాస్త్ర ప్రయోగశాలలో సీసాలో నిలువయుంచిన కప్పను ముట్టి చూచిన విద్యార్థికి అది బ్రతికియున్న కప్పవలె మెత్తగా ఉండదని తెలియును. ఫార్మలిన్‌లోని ఫార్మాల్డిహైడు అణువు దాని దేహములోని ఒక మాంసకృత్తు గొలుసును ఒక చేతను, ప్రక్క గొలుసును వేరొక చేతను పట్టుకొని రెంటిని కట్టివేయును. ఇట్టి కట్లు కోట్లకొలది పడగా దేహము బిగిసిపోవును. ఫార్మాల్డిహైడునకు ఈ శక్తి నిచ్చునది దానిలోని ఆల్డిహైడు సమూహము. గ్లూకోజు అణువులోను ఆల్డిహైడు సమూహమే కలదు.

అయితే గ్లూకోజు ఆ సమూహమును దాచుకొని యుండును. దాని అణువు వలయాకారముగా ముడుచుకొని యుండును. ఏ క్షణమునందైనను లక్ష అణువులలో ఇంచుమించు రెండు మాత్రమే విప్పుకొని ఆల్డిహైడును బయటపెట్టును. ఇతర చక్కెరలు ఇంతకంటె తరచుగా విప్పుకొనును. 1981 లో ఫ్రాంక్లిన్ బన్, పాల్ హిగ్గిన్స్ అనువారు వివిధ చక్కెరలను హీమోగ్లోబిన్‌తో కలిపి చూచి, ఆ తరగతి చక్కెరలలో గ్లూకోజే అతి మందకొడి యని చూపిరి. జీవరాశి రక్తములో త్రిప్పుటకు గ్లూకోజునే ఎన్నుకొనుటకు ఈ మందకొడితనమే కారణము కావచ్చునని వారి ఊహ. ప్రకృతి తనకు కావలసిన ఇంధనములలో తక్కువ అంటునది ఏరుకొన్నదన్నమాట. ఆ ఏరుకొన్నదానిని కూడ విచ్చలవిడిగా ఉంచలేదు. పరగడుపున 100 మిల్లీలీటర్ల రక్తములో 70 నుండి 100 మిల్లీగ్రాములు మాత్రమే ఉండనిచ్చును. మొత్తము అయిదు లీటర్ల రక్తములో ఉన్న గ్లూకోజు ఒక చిన్న చెంచాడునకు మించదు.

విప్పుకొన్న గ్లూకోజు మాంసకృత్తులోని లైసిన్ అను ఎమైనో ఆమ్లము కొసను పట్టుకొనును. తొలి పట్టు వదులుది. రక్తములో చక్కెర తగ్గినచో విడిపోవును. కొన్ని దినములలో అణువులోని పరమాణువులు సర్దుకొని పట్టు గట్టిపడును. ఈ సర్దుబాటునకు దానిని పరిశోధించిన ఇటలీ శాస్త్రజ్ఞుడు అమడోరి పేరు పెట్టిరి. ఇంకను నెలలు, ఏండ్లు గడచిన తరువాత అదే చక్కెర అవశేషము ప్రక్క గొలుసులోని ఆర్జినిన్‌ను కూడ పట్టుకొని రెంటికి నడుమ వంతెన కట్టును. ఇక విడుట లేదు. ఈ తుది పదార్థములు పలు రకములు. వానిలో పెంటోసిడిన్ అను దానిని 1989 లో అమెరికాలో డేవిడ్ సెల్, విన్సెంట్ మోనియే వేరుచేసిరి. మన కణజాలములలో అన్నిటికంటె ఎక్కువగా దొరకు వంతెన గ్లూకోసిపేన్.

మన ప్రాంతమున తోళ్ళు పదునుచేయువారు పచ్చితోలును తంగేడు చెక్క రసములో, కరక్కాయ రసములో నానవేయుదురు. అందలి టానిన్లు తోలులోని గొలుసులను ఒకదానితో నొకటి పట్టించును. టానిన్లు పట్టుకొను తీరు వేరు, చక్కెర పట్టుకొను తీరు వేరు. కాని రెండింటికిని పట్టు దొరకు వస్తువు ఒక్కటే. దాని పేరు కొల్లాజెన్.

ముప్పేట త్రాడు

చర్మము పైపొర పలుచనిది. నెలకొకమారు రాలి క్రొత్తది వచ్చుచుండును. దాని అడుగున నున్న అంతశ్చర్మమే చర్మమునకు బలము, బిగువు. అంతశ్చర్మము ఎండుబరువులో నూటికి డెబ్బదిపాళ్ళకు పైగా కొల్లాజెనే. 1954 లో మద్రాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ఎక్స్ కిరణ చిత్రములను ఆధారము చేసికొని కొల్లాజెన్ అణువు మూడు గొలుసులు పెనవేసికొనిన త్రాడు వంటిదని ప్రతిపాదించిరి. ఈనాటి పాఠ్యగ్రంథములలో కొల్లాజెన్ బొమ్మకు మూలము అదియే.

ఈ ముప్పేట త్రాళ్ళు కట్టలు కట్టలుగా ఉండి, చర్మమును లాగినపుడు ఒకదానిపై నొకటి కొంచెము జారి, వదలినపుడు స్వస్థానమునకు వచ్చును. వాని నడుమ చక్కెర వంతెనలు పడినచో జారుట తగ్గును. ఇంకొక నష్టము కూడ కలదు. పాత కొల్లాజెన్‌ను కొన్ని ఎంజైములు కత్తిరించి తొలగించుచుండగా కణములు క్రొత్తది అల్లుచుండును. వంతెనలు పడిన త్రాటిని ఆ ఎంజైములు సులభముగా కత్తిరింపలేవు. పాతది పోదు, మరమ్మత్తు మందగించును.

అసలు చిక్కంతయు కొల్లాజెన్ దీర్ఘాయువులో ఉన్నది. హీమోగ్లోబిన్‌కు నాలుగు నెలలు మాత్రమే గడువు. దానికి పట్టిన చక్కెర దానితోనే పోవును. చర్మములోని కొల్లాజెన్‌లో సగము మారుటకు సుమారు 15 ఏండ్లు పట్టునని 2000 లో ప్రకటింపబడిన పరిశోధన తెలుపుచున్నది. కీళ్ళలోని మృదులాస్థిలో నున్న కొల్లాజెన్ విషయమున ఈ లెక్క 117 ఏండ్లు! అనగా బాల్యమున అల్లిన త్రాడు ఆ మనుష్యునితోనే శ్మశానమునకు పోవునన్నమాట. పసిబిడ్డ ప్రక్కటెముకల కొసనున్న మృదులాస్థి తెల్లగా ఉండును. ముదుసలిలో అదే పసుపు గోధుమ వన్నెకు తిరిగియుండును. బాణలిలోని పాలు గుర్తుకు రాక మానవు.

మధుమేహము చాలకాలముగా ఉన్నవారిని వైద్యులు ఒక్కొక్కపుడు నమస్కారము చేసి చూపుమందురు. కొందరిలో రెండు అరచేతులు, వ్రేళ్ళు పూర్తిగా ఆనవు. నడుమ సందు మిగులును. వ్రేళ్ళ కీళ్ళ చుట్టునున్న కొల్లాజెన్ బిగిసి, చర్మము దళసరి యగుట దీనికి కారణము. 1974 లో మధుమేహము గల పిల్లలలోనే దీనిని వర్ణించిరి. ముదిమిలో రావలసిన బిగువు బాల్యముననే వచ్చినది.

ఎండ వాటా, చక్కెర వాటా

ఇంతవరకు చదివి, ముడుతలన్నిటికిని చక్కెరయే కారణమని తీర్మానించుట పొరపాటు. ఇంట నున్న అవ్వ ముంజేతి పైభాగమును, అదే చేతి సందిట లోపలి భాగమును ప్రక్కప్రక్కన చూడుడు. లోపలి చర్మము ఎంత నున్నగా ఉండును! రెండు చోట్లను ప్రవహించు రక్తము ఒకటే, అందలి చక్కెర ఒకటే, వయస్సు ఒకటే. తేడా ఎండది. 2012 లో ఒక అమెరికా వైద్యపత్రిక 28 ఏండ్లు సరుకుల లారీ నడపిన 69 ఏండ్ల డ్రైవరు ముఖచిత్రమును ప్రకటించెను. కిటికీ వైపునున్న ఎడమ చెంప మాత్రము లోతైన ముడుతలతో నిండియుండెను. సూర్యుని అతినీలలోహిత కిరణములు కొల్లాజెన్‌ను తెంచు ఎంజైములను ప్రేరేపించును. చర్మమును ముదుసలిగా కనబడజేయుటలో వాని వాటా చాల పెద్దది. పొగత్రాగుట కూడ ఈ లెక్కలో చేరును.

మరి చక్కెర వాటా ఎంత? నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరమున జరిగి 2013 లో ప్రకటితమైన పరిశోధనలో సుమారు 600 మంది ఛాయాచిత్రములను ఇతరులకు చూపి, వయస్సు అంచనా వేయుమనిరి. రక్తములో గ్లూకోజు 100 మిల్లీలీటర్లకు 18 మిల్లీగ్రాములు పెరిగినకొలది ఆ మనుష్యుడు సుమారు అయిదు నెలలు పెద్దవానిగా కనబడెను. నిజమైన వయస్సు, ఎండ, పొగ మొదలగువానిని లెక్కలోనికి తీసికొన్న తరువాత మిగిలిన తేడా ఇది. అయిదు నెలలు పెద్ద విషయము కాదు. కాని మధుమేహము అదుపులో లేనివారిలో గ్లూకోజు 18 కాదు, వందకు పైగా పెరిగియుండుట అరుదు కాదు. ఇది ఒకచోట కనిపించు రెండు విషయముల పొత్తు మాత్రమే యనియు, కార్యకారణ సంబంధమును రుజువు చేయదనియు ఉపాధ్యాయులు విద్యార్థులకు చెప్పవలెను.

మెడ మీది నలుపు

చక్కెర చర్మమును తాకు మార్గము ఇంకొకటి కలదు. ఇది పాఠశాల గదిలోనే కనబడునది కావున కొంచెము నిదానించి చూడదగును.

కొందరు పిల్లలకు మెడ వెనుకను, చంకలలోను చర్మము నల్లబడి, దళసరియై, మఖమలు గుడ్డవలె తగులును. ఇంటిలో పీచుతో రుద్దుదురు. తోటిపిల్లలు మురికియని ఎగతాళి చేయుదురు. ఉపాధ్యాయుడు కూడ స్నానము చేసి రమ్మని మందలించిన సందర్భములు లేకపోలేదు. ఎంత రుద్దినను పోదు, ఏలయన అది మురికి కాదు. శరీరము ఇన్సులిన్ మాట సరిగా వినకపోయినపుడు క్లోమము ఇంకను ఎక్కువ ఇన్సులిన్‌ను స్రవించును. మోతాదు మించిన ఇన్సులిన్ చర్మకణములమీద నున్న పెరుగుదల గ్రాహకములను తట్టును. కణములు అవసరమునకు మించి పెరిగి చర్మము మడతలుపడి నల్లనగును. బరువు ఎక్కువగానున్న పిల్లలలో ఇది తరచు. ప్రతి నల్లని మెడకును కారణము ఇదే కానక్కరలేదు. కాని ఇట్టి పిల్లవానికి కావలసినది పీచు కాదు, వైద్యుని వద్ద రక్తపరీక్ష. మధుమేహము రాకముందే కొన్ని ఏండ్లు ఈ గుర్తు కనబడవచ్చును. బరువు తగ్గి ఇన్సులిన్ తగ్గినచో నలుపును తగ్గును. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023 లో వెలువడిన సర్వే ప్రకారము దేశములో మధుమేహము గలవారు 2021 నాటికి 10 కోట్లకు పైగా ఉండిరి. ఆ సంఖ్య ముందు ఈ చిన్న గుర్తునకు విలువ కలదు.

మొటిమలకును ఇన్సులిన్‌తో కొంత సంబంధమున్నట్లు కనబడుచున్నది. ఆస్ట్రేలియాలో 15 నుండి 25 ఏండ్ల వయస్సుగల 43 మంది యువకులపై 12 వారములు జరిపి 2007 లో ప్రకటించిన ప్రయోగములో, రక్తములో చక్కెరను త్వరగా పెంచని ఆహారము తిన్నవారికి మొటిమలు ఇతరులకంటె ఎక్కువగా తగ్గెను. ప్రయోగము చిన్నది. దీనినిబట్టి లడ్డు తిన్న మరునాడే మొటిమ లేచునని చెప్పరాదు.

ఏది చక్కెర?

పంచదార యనగా సుక్రోజు. దాని ఆల్డిహైడు సమూహము బంధింపబడి యుండుటచే అది తిన్నది తిన్నట్లుగా మాంసకృత్తులకు పట్టజాలదు. ప్రేవులలో అది గ్లూకోజు, ఫ్రక్టోజు అను రెండుగా విడిపోయిన తరువాతనే రక్తములోనికి వచ్చును. ఫ్రక్టోజు గ్లూకోజుకంటె ఏడెనిమిది రెట్లు వేగముగా మాంసకృత్తులకు పట్టును; అయితే కాలేయము దానిని వెంటనే పట్టివేయుటచే రక్తములో దాని మోతాదు చాల తక్కువ. బెల్లము మంచిది, పంచదార చెడ్డది అను మాట తరచు వినబడును. బెల్లములో కొద్దిగా లవణము లున్నమాట నిజమే గాని, అందును అధికభాగము సుక్రోజే. తేనెలో ముందే విడిపోయిన గ్లూకోజు, ఫ్రక్టోజు కలవు. ఇక మనము మూడుపూటల తిను తెల్లబియ్యపు అన్నము జీర్ణమై గ్లూకోజుగానే మారును. తీపి తగలనంత మాత్రమున రక్తము దానిని వేరుగా చూడదు. పప్పు, కూరలు, మజ్జిగ కలిసినపుడు అదే అన్నము నెమ్మదిగా జీర్ణమగును.

విడిగా కలుపుకొను చక్కెరలు శరీరమునకు కావలసిన శక్తిలో పదవవంతు మించరాదనియు, ఇరువదవ వంతునకు తగ్గించినచో ఇంకను మేలనియు 2015 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించెను. 2000 కేలరీలు తినువానికి పదవవంతు అనగా 50 గ్రాములు. రెండేసి చెంచాల పంచదారతో రోజుకు మూడు కాఫీలు త్రాగువాడు అందులో సగము కాఫీతోనే ముగించును.

చర్మమును తిరిగి యౌవనమునకు తెచ్చుననుచు కొల్లాజెన్ లేపనములు అంగళ్ళలో అమ్ముచున్నారు. చర్మపు పైపొరగుండ సామాన్యముగా 500 లోపు అణుభారము గల పదార్థములు మాత్రమే దూరగలవు. కొల్లాజెన్ అణుభారము సుమారు మూడు లక్షలు. అది చర్మముమీద పలుచని పూతగా ఉండి తేమను నిలుపునేమో గాని, లోపలి త్రాడును చేరదు. ఏర్పడిన వంతెనలను విప్పుటకు ప్రయత్నములు జరుగుచున్నవి. 2015 లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రజ్ఞులు గ్లూకోసిపేన్‌ను ప్రయోగశాలలో నిర్మించిరి. దానిని తెంచు ఎంజైములను వెదకుటకు తగినంత పదార్థము అప్పటినుండి లభ్యమగుచున్నది. మనుష్యులకు వాడదగిన మందు మాత్రము ఇంకను రాలేదు.

ఈ వంతెనలలో కొన్ని అతినీలలోహిత కాంతిలో నీలముగా మెరయును. ఈ గుణమును ఉపయోగించి ముంజేతిపై కాంతి ప్రసరింపజేసి, సూది లేకుండ కొలుచు యంత్రమును నెదర్లాండ్స్ వారు తయారుచేసిరి. నల్లని చర్మములో మెలనిన్ కాంతిని మ్రింగుటచే దాని కొలతలు మనవంటి వారి విషయమున అంతగా నమ్మదగినవి కావు. ఖచ్చితముగా తెలియవలెనన్న చర్మపు ముక్కనే తీసి పరీక్షింపవలెను.

అట్టి పరీక్ష ఒకటి జరిగినది. 1983 నుండి 1993 వరకు అమెరికా, కెనడాలలో 1441 మంది మధుమేహ రోగులను రెండు వర్గములుగా చేసి, ఒక వర్గమునకు మామూలు చికిత్సను, రెండవ వర్గమునకు గ్లూకోజును గట్టిగా అదుపులో నుంచు చికిత్సను ఇచ్చిరి. వారిలో 216 మంది చర్మమునుండి చిన్న ముక్కలు తీసి మోనియే బృందము పరీక్షించెను. గట్టి అదుపులో నున్నవారి కొల్లాజెన్‌కు చక్కెర తక్కువగా పట్టియుండెను, వంతెనలును తక్కువ. ఈ ఫలితము 1999 లో వెలువడినది. ఆ 216 మందిని ఆ తరువాత పదేండ్లు గమనించిరి. చర్మపు ముక్కలో చక్కెర ఎక్కువగా పట్టియున్నవారిలో కంటిపొర జబ్బు, మూత్రపిండముల జబ్బు ఎక్కువగా ముదిరినవి. వారి రక్తపరీక్షల సగటును లెక్కకట్టి తీసివేసిన తరువాత కూడ ఆ సంబంధము నిలిచెను. రక్తము చెప్పక మరచినదానిని ఆ చర్మపు ముక్క పదేండ్లు ముందుగా చెప్పినది.